ఎడారిలో కలిసిన దారులు

ఉద్దేశం: దూరప్రయాణం కేవలం వినోదం కాదు. ముందుచూపు, ఓర్పు, పరస్పర సహకారం అందుకు అవసరం. ఆస్ట్రేలియా ఎడారిలో దారులు వేస్తూ పయనించిన ఒక కుటుంబాన్ని, ఆ నేలనే నమ్ముకొని తరతరాలుగా జీవిస్తున్న ప్రజలను విద్యార్థులకు పరిచయం చేయటం ఈ పాఠం ఉద్దేశం.

పావగడ కొండ ఎక్కి కోట మీద నిలబడి చూస్తే దిగువన ఊరు, ఊరి నుండి నలుదిక్కులకు సాగే దారులు కనిపిస్తాయి. ఒకటి మడకశిర వైపు, ఒకటి పెనుగొండ వైపు, ఒకటి కల్యాణదుర్గం వైపు, మరొకటి చెళ్లకెర వైపు. పావగడ తాలూకా కర్ణాటకలోనిదే అయినా దానిచుట్టూ దాదాపు మూడు దిక్కుల ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడినుండి మధుగిరి మీదుగా తుమకూరుకు పోయే బస్సు నడుమ కొంతదూరం ఆంధ్రప్రదేశ్ నేల మీద నడిచి, మళ్లీ కర్ణాటకలో అడుగుపెడుతుంది. సరిహద్దు ఎక్కడ దాటామో బస్సులోని వారికి తెలియనే తెలియదు. రెండు ప్రక్కలా అదే ఎర్రనేల, అవే వేరుశనగ చేలు. వినిపించేవి అదే తెలుగు, అదే కన్నడం.

దారి ఉన్నది గనుక అందరూ పోతుంటారు. దానిని మొదట ఎవరు వేశారు, ఏ అవసరానికి వేశారు, ఎవరి నేల మీదుగా వేశారు అని అడిగేవారు తక్కువ. ఈ మూడు ప్రశ్నలూ అడగవలసిన దారులు ఆస్ట్రేలియా ఖండం నడిబొడ్డున ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఒక ఇల్లాలి పేరు, ఇంకొకదానికి ఆమె పసిబిడ్డ పేరు.

విశాలమైన ఖండం

ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశానికి రెండు రెట్లకు మించినది. జనాభా మాత్రం మూడు కోట్లకు తక్కువే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క కర్ణాటకలోనే ఆరు కోట్లకు పైగా జనం ఉన్నారు. ఆ ఖండంలో జనమంతా చాలవరకు సముద్రతీరపు పట్టణాలలో నివసిస్తారు. నడిమి భాగం ఎడారి. పావగడ ప్రాంతం వానకు మొగం వాచిన ప్రాంతమని పేరు. అయినా ఇక్కడ ఏడాదికి సగటున అయిదారు వందల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆ ఎడారి అంచున ఉన్న కూబర్ పీడీ అనే ఊరిలో కురిసే వాన సుమారు 150 మిల్లీమీటర్లు.

ఇట్టి నేలను అడ్డంగా దాటడానికి పందొమ్మిదవ శతాబ్దిలో అనేకులు ప్రయత్నించారు. 1874లో ఎర్నెస్ట్ గైల్స్ అనే అన్వేషకుని వెంట వెళ్లిన ఆల్ఫ్రెడ్ గిబ్సన్ ఎడారిలో తప్పిపోయి, తిరిగి రాలేదు. ఆ ప్రాంతానికి నేటికీ గిబ్సన్ ఎడారి అనే పేరు. గుర్రాలతో ఆ ఎడారిని దాటలేమని గ్రహించిన గైల్స్ 1875లో ఒంటెలతో బయలుదేరి పడమటి తీరం చేరాడు. ఒంటె ఆస్ట్రేలియా జంతువు కాదు. అంతకు ముందు 1860లో బర్క్, విల్స్ అనే వారి యాత్ర కోసం, అప్పటి హిందూదేశంలో భాగమైన కరాచీ రేవు నుండి ఒంటెలను, వాటిని తోలేవారిని ఓడలలో తీసుకొని వెళ్లారు. అలా వెళ్లిన ఒంటెల సంతతి నేడు అడవి ఒంటెలుగా మారి ఆ ఎడారిలో తిరుగుతున్నది. లారీలు రాకముందు ఆ ఎడారిలో సరుకులు మోసినవి ఒంటెలే. వాటిని నడిపినవారు మన ఉపఖండం నుండి, అఫ్గానిస్తాన్ నుండి వెళ్లినవారు.

దారులు ఎందుకు వేశారు?

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బ్రిటన్ రాకెట్లను, అణ్వాయుధాలను పరీక్షించడానికి విశాలమైన స్థలం వెదికింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం అంగీకరించింది. 1947 నాటికి ఊమెరా అనే చోట రాకెట్ల ప్రయోగశాల పని మొదలయింది. రాకెట్లు పోయే మార్గం వేల కిలోమీటర్ల పొడవున ఎడారి మీదుగా సాగింది. ఆ మార్గం క్రింది నేలను కొలవాలి. గాలుల దిశ తెలుసుకోవడానికి వాతావరణ కేంద్రం పెట్టాలి. ఆ కేంద్రానికి సామాను చేరవేయాలి. వీటన్నిటికీ దారి కావాలి.

ఆ పని లెన్ బీడెల్ అనే సర్వేయరుకు అప్పగించారు. ఆయన 1923లో ఆస్ట్రేలియాలో జన్మించాడు. అణుపరీక్షలకు అనువైన ఈమూ మైదానాన్ని, తరువాత మారలింగా మైదానాన్ని గుర్తించినవాడు ఆయనే. 1955 నుండి 1958 వరకు కొద్దిమంది పనివారితో ఆయన వేసిన మొదటి పెద్ద దారి గన్‌బ్యారెల్ హైవే. గన్‌బ్యారెల్ అంటే తుపాకీ గొట్టం. దారి ఆ గొట్టం వలె తిన్నగా ఉండాలని ఆయన పట్టుదల. హైవే అని పేరే గాని అది తారు రోడ్డు కాదు. పొదలు తొలగించి, మన్ను చదును చేసిన బండిబాట.

దారి వేసే విధానం

ఎటు చూచినా ఒకే విధంగా ఉండే ఎడారిలో తిన్నని దారి ఎలా వేశారు? బీడెల్ తన ల్యాండ్ రోవర్ వాహనంలో పొదలను త్రొక్కుకుంటూ ముందు పోయేవాడు. అనువైన చోటు చేరి, అద్దంతో సూర్యకాంతిని వెనుకకు తళుక్కుమనిపించేవాడు. దూరాన బుల్‌డోజరు నడిపే వ్యక్తి ఆ తళుకును గురిగా పెట్టుకొని తిన్నగా వచ్చేవాడు. బుల్‌డోజరు తీసిన బాటను వెనుక వచ్చే గ్రేడరు చదును చేసేది. ఆ వెనుక ఆహారం, నీరు, ఇంధనం ఉన్న లారీలు వచ్చేవి. రాత్రివేళ బీడెల్ థియోడొలైట్ అనే పరికరంతో నక్షత్రాలను చూచి, తాము భూమి మీద ఏ అక్షాంశంలో, ఏ రేఖాంశంలో ఉన్నామో లెక్క కట్టేవాడు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రాలు ఆయనకు మార్గదర్శకులు.

లెక్క తేలిన తరువాత ఆ అంకెలను, తేదీని ఒక అల్యూమినియం పలక మీద అచ్చు గుద్ది, చెట్టుకో స్తంభానికో బిగించేవాడు. తరువాత ఆ దారిన పోయేవారికి తాము ఎక్కడ ఉన్నదీ ఆ పలకలు తెలిపేవి. కొన్నేళ్లకు యాత్రికులు వాటిని జ్ఞాపకచిహ్నాలుగా ఊడదీసుకొని పోయారు. దారి తప్పినవానికి ప్రాణం నిలిపే గుర్తు అది అని వారు తలచలేదు. ఇప్పుడు చాలాచోట్ల అటువంటివే నమూనా పలకలు మళ్లీ పెట్టారు.

ముల్గా అనే చెట్టు ఆ ప్రాంతంలో విస్తారంగా పెరుగుతుంది. అది మన తుమ్మచెట్టుకు దాయాది. విరిగిన ముల్గా మొద్దులు టైర్లలో దిగబడేవి. పంక్చర్లు వేయటం నిత్యకృత్యం. దగ్గరలో వైద్యుడు లేడు గనుక బీడెల్ పళ్లు పీకే పని కూడ కొంత నేర్చుకొని, నొప్పితో బాధపడే తోటివారికి తానే పళ్లు తీసేవాడు.

తల్లి దారి, బిడ్డ దారి

1961లో బీడెల్‌కు ఆన్ అనే యువతితో వివాహమయింది. నెలల తరబడి ఎడారిలో ఉండే మనిషి ఇంటికి ఎప్పుడు వస్తాడో చెప్పలేని కాలమది. మరుసటి ఏడు వారికి ఒక ఆడపిల్ల పుట్టింది. పాప పేరు కానీ స్యూ. అదే ఏడాది, అంటే 1962లో, రైలుమార్గం మీది రాలిన్నా అనే చోటికీ, ఉత్తరాన ఉన్న వార్బర్టన్‌కూ నడుమ దారి వేయవలసి వచ్చింది. ఈసారి ఆన్ పట్టణంలో ఉండిపోలేదు. పసిపాపను ఒడిలో పెట్టుకొని భర్త వెంట ప్రయాణమయింది.

ఆ ప్రయాణం ఎట్టిదో ఊహించండి. ఆ దారి పొడవు సుమారు 650 కిలోమీటర్లు. నీళ్లు వెంట తెచ్చుకున్నవే. త్రాగడానికి, వంటకు, పాప బట్టలు ఉతకడానికి ఆ నీళ్లే సరిపెట్టుకోవాలి. పగలు మండే ఎండ, చలికాలపు రాత్రులలో గడ్డకట్టించే చలి. పాపకు జ్వరం వస్తే చూపడానికి దగ్గరలో వైద్యుడు లేడు. బయటి లోకంతో సంబంధం రేడియో ఒక్కటే. ప్రతిరోజూ గుడారం ఒక కొత్తచోట. దారి వేసేకొద్దీ ఇల్లు కూడ ముందుకు జరుగుతుండేది. అట్టి పరిస్థితులలో ఒక తల్లి బిడ్డను పెంచుతూ ఆ యాత్ర సాగించింది. ఆ దారికి కానీ స్యూ హైవే అనే పేరు పెట్టారు.

కూబర్ పీడీ నుండి పడమటనున్న లావర్టన్ వరకు తూర్పు పడమరలుగా మరొక దారి ఉంది. 1953లో ఈమూ మైదానానికి వేసిన బాటతో అది మొదలై, 1962లో పూర్తి అయింది. దాని పొడవు 1,300 కిలోమీటర్లకు పైమాటే. బెంగళూరు నుండి నాగపూరుకు పోయే దూరం కన్న ఎక్కువ. ఈ దారికి ఆన్ బీడెల్ హైవే అని పేరు. తూర్పు పడమరలుగా సాగే తల్లి దారి, ఉత్తర దక్షిణాలుగా సాగే బిడ్డ దారి ఎడారి మధ్య నీల్ జంక్షన్ అనే చోట కలుస్తాయి. ఆ కూడలిలో దుకాణం లేదు, ఇల్లు లేదు. రెండు బాటలు, చుట్టూ పొదలు మాత్రమే.

తరువాత పుట్టిన కుమారుడు గారీ పేర గారీ హైవే, చిన్నకుమార్తె జాకీ పేర జాకీ జంక్షన్ ఏర్పడ్డాయి. బీడెల్ బృందం మొత్తం మీద 6,000 కిలోమీటర్లకు పైగా దారులు వేసింది. ఆయన 1995లో మరణించాడు. రాత్రివేళ నక్షత్రాలను చూచి దారి వేసిన ఆయన పేరు ఆకాశంలోని ఒక చిన్న గ్రహశకలానికి కూడ పెట్టారు.

నేటి ప్రయాణం

ఈనాడు ఆస్ట్రేలియాలో తెలుగువారు చాలామంది స్థిరపడ్డారు. 2021 జనాభా లెక్కలలో ఇంట్లో తెలుగు మాట్లాడుతామని చెప్పినవారు 59 వేలకు పైగా ఉన్నారు. పట్టణాల నడుమ చక్కని తారు రోడ్లున్నాయి. కాని ఆన్ బీడెల్ హైవే ఇప్పటికీ మట్టిబాటే. ఒక జంట ఆ దారిన కారులో బయలుదేరిందని అనుకుందాం. వారి ప్రయాణం ఎలా సాగుతుంది?

బయలుదేరటానికి ముందే వారు అనుమతులు పొందాలి. దారిలో కొంత భాగం రక్షణశాఖ అధీనంలోని ప్రాంతం, కొంత భాగం ఆదివాసుల సొంత భూమి, కొంత భాగం అభయారణ్యం. సాధారణ కారు ఈ దారికి పనికిరాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఎత్తయిన వాహనం కావాలి. అదనపు టైర్లు, మరమ్మతు సామాను, ఇంధనం, అన్నిటినీ మించి త్రాగునీరు లెక్క చూచి పెట్టుకోవాలి. ఏ రోజు బయలుదేరుతున్నదీ, ఏ రోజుకు చేరేదీ నమ్మకమైన వారికి చెప్పాలి. ఈ కాలంలో ఉపగ్రహ ఫోను తప్పనిసరి. మామూలు ఫోనుకు అక్కడ సంకేతాలు అందవు.

కూబర్ పీడీ రత్నాల ఊరు. 1915లో అక్కడ ఓపల్ అనే రాయి బయటపడింది. వేసవి వేడిమి భరించలేక అక్కడి ప్రజలు చాలామంది కొండ తొలిచి నేలమాళిగలలో కాపురం ఉంటారు. ఆ ఊరు దాటినది మొదలు బాటలో అడ్డంగా చిన్న చిన్న అలలు ఉంటాయి. చక్రాల త్రొక్కిడికి ఏర్పడిన ఈ గతుకులు ఇంటిపైకప్పుకు వేసే జింకు రేకును తలపిస్తాయి. వాటి మీద నడిచే వాహనం గంటల తరబడి గడగడ వణుకుతుంది. బిగించిన బోల్టులు వదులవుతాయి. అందుకే సాయంత్రం గుడారం వేయగానే ఒకరు వంటపని చూస్తే మరొకరు బండి క్రింద దూరి బోల్టులు బిగిస్తారు. ఇద్దరికీ బండి నడపటం, చక్రం మార్చటం వచ్చి ఉండాలి. ఒకరికి సుస్తీ చేస్తే రెండవవారే దిక్కు.

మరికొంత దూరం పోయిన తరువాత ఇసుకతిన్నెలు ఎదురవుతాయి. ఒకటి ఎక్కి దిగగానే మరొకటి. తిన్నెకు ఆవల నుండి వచ్చే బండి కనబడదు గనుక వాహనానికి ఎత్తయిన కడ్డీ కట్టి, దాని కొసన జెండా తగిలిస్తారు. ఇసుకలో దిగబడకుండ టైర్లలో గాలి కొంత తగ్గిస్తారు. స్పినిఫెక్స్ అనే గడ్డి సూదుల వలె ఉంటుంది. అది బండి అడుగున చిక్కుకొని, పొగగొట్టం వేడికి అంటుకుంటే బండి తగలబడుతుంది. కనుక ఆగినప్పుడల్లా వంగి చూడాలి. సూర్యాస్తమయం తరువాత ప్రయాణం మంచిది కాదు. కంగారూలు, ఒంటెలు దారికి అడ్డం వస్తాయి.

ఇది గ్రేట్ విక్టోరియా ఎడారి. ఆస్ట్రేలియా ఎడారులలో ఇదే పెద్దది. ఎడారి అనగానే ఒట్టి ఇసుక అని అనుకోరాదు. ఎర్రని ఇసుక మీద తెల్లని కాండంతో నీలగిరి జాతి చెట్లు, వాన కురిసిన ఏడు రంగురంగుల పూలు కనువిందు చేస్తాయి. రాష్ట్ర సరిహద్దు దగ్గర ఉప్పు సరస్సులు తెల్లగా మెరుస్తుంటాయి. అక్కడ సరిహద్దు దాటగానే గడియారం సాధారణంగా గంటన్నర వెనుకకు త్రిప్పుకోవాలి. దేశమొక్కటే అయినా కాలం వేరు.

ఈ దారిలో బండి చెడిపోతే పాటించవలసిన మొదటి నియమం ఒకటి ఉంది. బండిని విడిచి పోరాదు. వెదకడానికి వచ్చే విమానానికి మనిషి కన్న బండి సులభంగా కనిపిస్తుంది. బండి నీడనిస్తుంది. నీళ్లు బండిలోనే ఉంటాయి. నడిచి పోదామని బయలుదేరి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఆ ఎడారిలో అనేకులు. ఓర్పుతో ఒకచోట నిలవటం కూడ అక్కడ ధైర్యమే.

ఎవరి నేల?

ఆ దారి మీద ఈమూ మైదానంలో రెండు రాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. 1953 అక్టోబరులో అక్కడ రెండు అణుబాంబులను పేల్చారు. ఆ వేడికి ఇసుక కరిగి గాజువలె మారింది. మొదటి పేలుడు తరువాత నల్లని పొగమంచు వంటిది తమ నివాసాలను క్రమ్ముకున్నదని ఆదివాసులు చెప్పారు. యామీ లెస్టర్ అప్పుడు పిల్లవాడు. తరువాత ఆయన చూపు పోయింది. ఆ నల్లని పొగే అందుకు కారణమని ఆయన చెప్పాడు. పెద్దవాడై, గ్రుడ్డితనంతోనే ఊరూరా తిరిగి తనవారి కోసం పోరాడాడు. ఆయనా, ఇతరులూ అడిగిన ప్రశ్నల ఫలితంగా 1984లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. ఆదివాసుల భద్రతకు తగిన శ్రద్ధ తీసుకోలేదని ఆ సంఘం తేల్చింది. మారలింగాలో 1956, 1957లలో మరి ఏడు పెద్ద పేలుళ్లు జరిగాయి.

పటం మీద ఆ ప్రాంతం ఖాళీగా కనిపించింది. అందుకే దానిని పరీక్షలకు ఎన్నుకున్నారు. కాని అది ఖాళీ నేల కాదు. వేల సంవత్సరాల నుండి అక్కడ ప్రజలు జీవిస్తున్నారు. ఏ రాతి గుంటలో నీరు నిలుస్తుందో, ఏ వేరును త్రవ్వితే దాహం తీరుతుందో వారికి తెలుసు. పశ్చిమ భాగంలో నివసించే వారిని స్పినిఫెక్స్ ప్రజలు అంటారు. 1950లలో వారిలో చాలామందిని దక్షిణాన ఉన్న మిషన్ ఆవాసానికి తరలించారు. వారికి అది పరాయిచోటు. 1980లలో వారు తమ నేలకు తిరిగి రాసాగారు. 2000లో న్యాయస్థానం సుమారు 55,000 చదరపు కిలోమీటర్ల భూమి మీద వారికి పరంపరాగతమైన హక్కు ఉన్నదని గుర్తించింది. అది మన తుమకూరు జిల్లా వంటి జిల్లాలు అయిదింటికి సమానం. మారలింగా భూమిలో మిగిలిన భాగం కూడ 2009లో దాని అసలు హక్కుదారులకు చేరింది.

లెన్ బీడెల్ పలకలు కొట్టకముందే ఆ నేలలోని ప్రతి గుంటకూ ప్రతి గుట్టకూ పేర్లున్నాయి. ఇల్కుర్ల్కా అట్టి పేరే. ఆన్ బీడెల్ హైవే మీద కూబర్ పీడీ విడిచినవారికి ఇంధనం దొరికే ఒకే ఒక చోటు ఇల్కుర్ల్కా. 2003లో అక్కడ స్పినిఫెక్స్ ప్రజలే ఒక దుకాణం తెరిచారు. ఎవరిని అడగకుండ దారి వేశారో, వారి వాకిలిలోనే నేటి యాత్రికుడు ఆగి, ఇంధనం పోయించుకొని, సెలవు తీసుకొని ముందుకు సాగుతాడు.

మన నేల

ఎడారిలో కనిపించే ఈ విషయం పావగడ విద్యార్థికి క్రొత్త కాదు. వరుసగా కరవులు వచ్చిన ఈ తాలూకాను బయటివారు బీడుభూమి అనేవారు. నాగలమడక ఫిర్కాలోని తిరుమణి, వళ్లూరు మొదలయిన గ్రామాల పరిధిలో 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ కేంద్రం వెలసింది. 2018లో ప్రారంభమై, 2019 చివరికి అది 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. ఆ భూమిని రైతుల నుండి కొనలేదు. ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి, 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. భూమి రైతు పేరనే ఉంది. అయితే సొంత భూమి లేక, ఆ చేలలో కూలిపని చేసి బ్రతికినవారికి కౌలు రాదు. వారి సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. వాన లేని నేలను చూచి ఖాళీ నేల అనుకోరాదు. దానిని నమ్ముకున్నవారు ఎవరని మొదట విచారించాలి.

నీల్ జంక్షన్ వద్ద తల్లి దారి, బిడ్డ దారి ఈనాటికీ కలిసే ఉన్నాయి. పసిబిడ్డతో ఎడారిలో పయనించిన ఆన్ బీడెల్ ధైర్యాన్ని అక్కడ ఆగే యాత్రికులు తలచుకుంటారు. ఆ రెండు దారులకంటె ముందు అక్కడ నీటిగుంట నుండి నీటిగుంటకు సాగిన కాలిబాటలున్నాయి. ఆ బాటలలోనూ తల్లులు బిడ్డలను ఎత్తుకొని నడిచారు. వారి పేర్లు పలకల మీద లేవు. దారిన పోయేవారు వారిని కూడ తలచుకోవటం ధర్మం.

శబ్దార్థాలు

మొగం వాచిన = దొరకక తపించిన
అన్వేషకుడు = వెదికేవాడు, క్రొత్త చోట్లను కనుగొనేవాడు
సంతతి = వంశం, పిల్లలు
గురి = లక్ష్యం
దాయాది = ఒకే వంశానికి చెందినది
నిత్యకృత్యం = ప్రతిరోజూ చేసే పని
గ్రహశకలం = సూర్యుని చుట్టూ తిరిగే చిన్న శిలాఖండం
అభయారణ్యం = వన్యప్రాణులకు రక్షణ ఉన్న అడవి
నేలమాళిగ = భూమి లోపలి గది
పరంపరాగతమైన = తరతరాల నుండి వస్తున్న
ఫిర్కా = తాలూకాలోని ఒక విభాగం, హోబళి
కౌలు = భూమిని వాడుకొన్నందుకు యజమానికి ఇచ్చే ప్రతిఫలం

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు వ్రాయండి.
1. గిబ్సన్ ఎడారికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. గన్‌బ్యారెల్ అంటే ఏమిటి?
3. నీల్ జంక్షన్ వద్ద కలిసే దారులు ఏవి?
4. ఇల్కుర్ల్కాలో దుకాణం తెరిచినవారు ఎవరు?

ఆ. క్రింది ప్రశ్నలకు మూడు నాలుగు వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. ఎడారిలో తిన్నని దారి వేయడానికి బీడెల్ అనుసరించిన విధానం ఏది?
2. ఆస్ట్రేలియాకు ఒంటెలు ఎలా చేరాయి?
3. బండి చెడిపోయినప్పుడు దానిని విడిచి పోరాదని ఎందుకు అంటారు?

ఇ. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. ఆన్ బీడెల్ తన పసిబిడ్డతో చేసిన ప్రయాణంలోని కష్టాలను వివరించండి.
2. “అది ఖాళీ నేల కాదు.” ఈ మాటను ఆస్ట్రేలియా ఎడారికీ, పావగడ తాలూకాకూ అన్వయించి వ్రాయండి.

ఈ. సందర్భ సహితంగా వివరించండి.
1. “ఓర్పుతో ఒకచోట నిలవటం కూడ అక్కడ ధైర్యమే.”
2. “దేశమొక్కటే అయినా కాలం వేరు.”

ఉ. వ్యాకరణం
1. క్రింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి: సూర్యాస్తమయం, అభయారణ్యం, దేశమొక్కటే, ఊరూరా.
2. క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాయండి: ఎర్రనేల, సూర్యకాంతి, నలుదిక్కులు, తూర్పు పడమరలు.
3. ‘నిత్యకృత్యం’, ‘కనువిందు’, ‘ముందుచూపు’ అనే పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.

ఊ. చేయవలసిన పని
మీ ఊరి నుండి పొరుగూరికి పోయే దారిని మొదట ఎప్పుడు, ఎవరు వేశారో, అంతకుముందు ప్రజలు ఏ బాటన నడిచేవారో మీ ఊరి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండ వ్రాయండి.